సంతకానికి పైనున్న మాటలు

రంగస్థల కళాకారులు, నాటక విమర్శకులు సంతకం చేసి రాసిన ఉత్తరాలను సేకరించే పాఠకుల నుంచి కొంతకాలంగా వస్తున్న ప్రశ్నల్లో ఆరింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాను. స్థలాభావం వల్ల ప్రశ్నలను కుదించాను. అడిగినవారి పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను కళాశాల విద్యార్థిని. నాటకాలు విరివిగా చూస్తాను. నటులు, దర్శకులు, విమర్శకులు కలిపి ఇరవై మందికి "మీ సంతకం పంపించగలరా" అని ఉత్తరాలు రాశాను. ఇద్దరే స్పందించారు. వారు పంపినవి కూడా సంతకం చేసిన ఫోటోలే తప్ప ఉత్తరాలు కావు. ఉత్తరమే రావాలంటే ఎలా రాయాలి?

జవాబు: మీరు సంతకం అడిగారు కనుక సంతకమే వచ్చింది. ఉత్తరం కావాలంటే, ఉత్తరంలో మాత్రమే చెప్పగలిగిన జవాబు అవసరమయ్యే ప్రశ్న అడగాలి. "మీ నటన అద్భుతం" అన్న వాక్యానికి "ధన్యవాదాలు" అని తప్ప ఎవరైనా ఏమని బదులు రాయగలరు? "రెండో అంకంలో తల్లి మరణవార్త విన్న తర్వాత మీరు ప్రేక్షకుల వైపు తిరగకుండా చాలాసేపు కిటికీ వైపే నిలబడ్డారు, ఆ నిర్ణయం మీదా, దర్శకుడిదా, రిహార్సల్స్‌లో ఎప్పుడు కుదిరింది?" అని అడిగితే మాత్రం, ఆ నటుడు ఎంత తీరిక లేనివాడైనా ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తాడు. తన పనిని ఎవరో అంత శ్రద్ధగా గమనించారని తెలిసినప్పుడు జవాబు రాయాలనిపించడం సహజం. విమర్శకుల విషయంలో ఇది మరింత నిజం. వారికి వచ్చే ఉత్తరాల్లో పొగడ్త తక్కువ, కోపం ఎక్కువ. వారి సమీక్షలోని ఒక వాక్యాన్ని ఎత్తిచూపి, దానితో మీరు ఎందుకు ఏకీభవించలేకపోయారో మర్యాదగా, కారణాలతో రాస్తే, ఒకటికి రెండు పేజీల జవాబు వచ్చిన సందర్భాలు నాకు అనుభవంలో ఉన్నాయి.

సంతకాల కోసం, అభిప్రాయాల కోసం వెల్లువెత్తే ఉత్తరాలకు జవాబివ్వలేక నాటక రచయిత జార్జ్ బెర్నార్డ్ షా తన సమాధానాలను ముందుగానే పోస్టుకార్డుల మీద అచ్చు వేయించి ఉంచుకునేవాడు. అదే షా తనను నిజంగా ఆలోచింపజేసిన ఉత్తరాలకు ఎంత ఉదారంగా బదులిచ్చాడో ఆయన లేఖల సంపుటాలు చూస్తే తెలుస్తుంది. కనుక అచ్చు కార్డు వచ్చే ఉత్తరం రాయడమా, పుటలకొద్దీ జవాబు వచ్చే ఉత్తరం రాయడమా అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది.

ఇక ఆచరణకు సంబంధించిన విషయాలు. ఒక ఉత్తరంలో ఒక ప్రశ్నే అడగండి. అది ఒక పేజీ దాటకూడదు. కొత్త నాటకం తెర లేవబోయే వారంలో రాయకండి. ఆ రోజుల్లో ఎవరికీ ఒళ్లు తెలియదు. మీ చిరునామా రాసి, తపాలా బిళ్ల అంటించిన కవరు జతచేయండి. నటులకు నాటకశాల చిరునామాకు, నాటక రచయితలకు ప్రచురణకర్తల ద్వారా, విమర్శకులకు వారు రాసే పత్రిక కార్యాలయానికి పంపడమే మర్యాద. ఇంటి చిరునామా ఎలాగో సంపాదించి అక్కడికి రాయడం సరికాదు. ఆరు నెలలు గడిచాక ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ జవాబు రాకపోతే వదిలేయాలి. వచ్చిన జవాబుకు కృతజ్ఞత చెబుతూ రెండు వాక్యాలు రాయడం మాత్రం మరవకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, సేకర్తల్లో చాలామంది నిర్లక్ష్యం చేసేది ఒకటుంది. మీరు రాసిన ఉత్తరానికి నకలు తీసి దాచుకోండి. "మీరన్నది నిజమే, మూడో ప్రదర్శన నుంచి దాన్ని మార్చేశాను" అని ఒక దర్శకుడు రాస్తే, మీరు ఏమన్నారో తెలియని వారికి ఆ వాక్యం మూగబోతుంది. రష్యన్ నాటక రచయిత చెహోవ్ అనారోగ్యం వల్ల యాల్టాలోనూ, ఆయన భార్య, నటి ఓల్గా క్నిప్పర్ మాస్కోలోనూ ఉండవలసి రావడంతో వారి దాంపత్యం చాలావరకు ఉత్తరాల్లోనే గడిచింది. ఆ ఉత్తరాలు ఇరువైపులవీ వందల సంఖ్యలో నిలిచాయి కనుకనే, ఆయన చివరి నాటకాలు కాగితం మీద నుంచి రంగస్థలం మీదికి ఎలా నడిచి వెళ్లాయో ఈనాడు మనం అనుసరించగలుగుతున్నాం. ఒకవైపు ఉత్తరాలే మిగిలి ఉంటే సగం సంభాషణే వినేవాళ్లం.

ప్రశ్న: మా మేనమామగారు ఒక ఔత్సాహిక నాటక సమాజాన్ని చాలా ఏళ్లు నడిపారు. ఆయన మరణానంతరం అరవైకి పైగా ఉత్తరాలు నా చేతికి వచ్చాయి. వాటిలో పేరున్న నటీనటులవి పది మాత్రమే. మిగిలినవి విమర్శకులు, రంగాలంకరణ చేసేవారు, లైటింగ్ డిజైనర్లు రాసినవి. ఒక వ్యాపారి వచ్చి చూసి, విమర్శకుల ఉత్తరాలకు గిరాకీ ఉండదని, నటుల ఉత్తరాలు పదీ విడిగా ఇస్తే కొంటానని అన్నారు. విడదీయవచ్చా?

జవాబు: దయచేసి విడదీయకండి. ఇంత సూటిగా చెబుతున్నందుకు మన్నించండి. ఇటువంటి కట్టలు విడిపోయి చెల్లాచెదురు కావడం నేను చాలాసార్లు చూశాను, ప్రతిసారీ బాధపడ్డాను.

ఆ వ్యాపారి అబద్ధం చెప్పలేదు. చేవ్రాళ్ల విపణిలో నటుడి పేరుకున్న ధర విమర్శకుడి పేరుకు ఉండదు. కానీ ధర వేరు, విలువ వేరు. నాటకం ఆడిన రాత్రితోనే ముగిసిపోతుంది. మర్నాటికి మిగిలేది చూసినవారి జ్ఞాపకమే. ఆ జ్ఞాపకాన్ని వృత్తిగా రాసిపెట్టేవాడు విమర్శకుడు. అచ్చయిన సమీక్షలో అతడు పత్రిక స్థలానికీ, సంపాదకుడికీ, తన హోదాకూ కట్టుబడి రాస్తాడు. స్వంత ఉత్తరంలో మాత్రం నిన్న రాసినదాన్ని ఈరోజు సందేహిస్తాడు, తాను తప్పు చూశానేమోనని ఒప్పుకుంటాడు, అచ్చులో రాయలేకపోయిన మాటను రాస్తాడు. రంగస్థల చరిత్ర రాసేవారికి అటువంటి పంక్తి ఒక్కటి దొరికినా చాలు.

విమర్శకుడికి వెళ్లిన ఉత్తరం ఎంత దూరం నడిపించగలదో చూడండి. 1892లో ప్రసిద్ధ నటి ఎలెన్ టెర్రీ తన స్నేహితురాలైన ఒక యువగాయని ప్రతిభ గురించి అభిప్రాయం కోరుతూ ఒక పత్రిక సంపాదకుడికి రాసింది. ఆయన ఆ ఉత్తరాన్ని తన సంగీత విమర్శకుడికి అందించాడు. ఆ విమర్శకుడు బెర్నార్డ్ షా. అలా మొదలైన ఉత్తర ప్రత్యుత్తరాలు ఏళ్ల తరబడి సాగాయి. 1895 నుంచి 1898 వరకు షా నాటక విమర్శకుడిగా ఉండి, టెర్రీ నటించే లైసియం నాటకశాలపై, దాని అధిపతి హెన్రీ ఇర్వింగ్‌పై నిప్పులు చెరిగిన కాలంలో కూడా ఆ ఉత్తరాలు ఆగలేదు. పాత్రను ఎలా పట్టుకోవాలి, ఏ వాక్యాన్ని ఎక్కడ విరవాలి అన్న చర్చలు వాటి నిండా ఉన్నాయి. వారిద్దరూ ముఖాముఖి కలుసుకున్నది 1900లో. అంటే దాదాపు ఎనిమిదేళ్ల స్నేహం కేవలం కాగితం మీదే నడిచింది. 1931లో అవి పుస్తకంగా వచ్చాయి. విమర్శకుడి ఉత్తరాలను పక్కన పెట్టి నటివి మాత్రమే ఉంచుకొని ఉంటే ఆ పుస్తకమే ఉండేది కాదు.

ఇంకొకటి. 1962లో నటుడు లారెన్స్ ఒలివియర్ ఇంగ్లండ్ నేషనల్ థియేటర్‌కు తొలి సంచాలకుడిగా నియమితుడైనప్పుడు, అంతకు కొద్దికాలం ముందే ఆయన ప్రదర్శనలను పత్రికలో తీవ్రంగా విమర్శించిన కెనెత్ టైనన్, నాటకాల ఎంపికలో సలహాదారుగా తనను తీసుకోమని ఆయనకే ఉత్తరం రాశాడు. ఒలివియర్‌కు మొదట కోపం వచ్చినా చివరకు తీసుకున్నాడు. ఆ తర్వాతి పదేళ్లలో ఆ సంస్థ వేసిన నాటకాల జాబితాలో టైనన్ ముద్ర కనబడుతుంది.

రంగాలంకరణ, దీపాల పని చేసేవారి ఉత్తరాలను కూడా తక్కువగా చూడకండి. వాటిలో అంచున గీసిన ఒక చిన్న రేఖాచిత్రం, "రంగస్థలం ఎడమ రెక్క నుంచి నీలం తగ్గించండి" అన్న ఒక మాట, ఆ ప్రదర్శన ఎలా కనిపించిందో చెప్పే ఏకైక ఆధారం కావచ్చు. అటువంటి గీతలున్న ఉత్తరాలు ఉన్నాయేమో ఓపికగా వెతకండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. మీ మేనమామగారు వాటిని ఏ వరుసలో, ఏ కట్టలుగా పెట్టుకున్నారో ఆ వరుసను కదిలించకుండా ముందుగా ఫోటోలు తీయండి. తర్వాత ఒక్కొక్క ఉత్తరానికి ఒక పంక్తి చొప్పున జాబితా రాయండి: ఎవరు రాశారు, ఏ తేదీ, ఎన్ని పుటలు, చేతిరాతా లేక టైపా, ఏ నాటకం ప్రస్తావన ఉంది, కవరు ఉందా అన్నవి చాలు. కవర్లను పారేయకండి. ఉత్తరం మీద "మంగళవారం" అని మాత్రమే ఉన్నప్పుడు తేదీ చెప్పేది కవరు మీది తపాలా ముద్రే. మేనమామగారి ద్వారా అవి మీకు ఎలా సంక్రమించాయో ఒక పేజీ రాసి, తేదీ వేసి, సంతకం చేసి వాటితోపాటు ఉంచండి; రేపు వీటి నిజాయితీని ఎవరైనా ప్రశ్నిస్తే ఆ పేజీ సాక్ష్యం చెబుతుంది. అమ్మక తప్పని పరిస్థితి వస్తే మొత్తం కట్టనే, జాబితాతో సహా, ఒకరికే అమ్మండి. అవసరం లేకపోతే రంగస్థల సంగ్రహం ఉన్న గ్రంథాలయానికి ఇవ్వడం ఉత్తమం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని రంగస్థల సంగ్రహం, టెక్సాస్‌లోని హ్యారీ రాన్సమ్ సెంటర్, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ వంటి చోట్ల పరిశోధకులు చదివే కాగితాల్లో ఎన్నో ఇటువంటి వ్యక్తిగత కట్టలుగా ఒకప్పుడు ఎవరి ఇళ్లలోనో ఉన్నవే.

ప్రశ్న: చాలాకాలం క్రితం మరణించిన ఒక నాటక రచయిత టైపు చేసి, సంతకం పెట్టిన ఉత్తరాన్ని కొన్నాను. అసలుదేనని అమ్మినవారు హామీ పత్రం ఇచ్చారు. అయినా మనసులో సందేహం. నేనే ఎలా పరీక్షించుకోగలను?

జవాబు: హామీ పత్రం ఇచ్చిన వారెవరో, తప్పని తేలితే డబ్బు తిరిగి ఇస్తారో లేదో చూడండి. ఆ పత్రం కూడా ఒక సంతకం ఉన్న కాగితమే కదా. మీ సందేహం ఆరోగ్యకరమైనది.

ముందుగా కేటలాగుల భాష. 'ఏ.ఎల్.ఎస్.' అంటే ఉత్తరమంతా స్వదస్తూరితో రాసి సంతకం చేసినది, 'టి.ఎల్.ఎస్.' అంటే టైపు చేయించి సంతకం చేసినది, ఉత్తి 'ఎల్.ఎస్.' అంటే వేరొకరి దస్తూరిలో ఉండి సంతకం మాత్రం ఆయనది. ఈ మూడింటికీ వెలుపల, కార్యదర్శి పెట్టిన సంతకం, రబ్బరు ముద్ర, అచ్చు సంతకం, 20వ శతాబ్దం మధ్య నుంచి వాడుకలోకి వచ్చిన ఆటోపెన్ యంత్రం గీసిన సంతకం ఉంటాయి. కార్యదర్శి పెట్టినది మోసం కాదు. హెన్రీ ఇర్వింగ్‌కు వచ్చే ఉత్తరాల భారమంతా మోసింది ఆయన నాటకశాల వ్యవహర్త బ్రామ్ స్టోకర్. పేరున్న ప్రతి నటుడి వెనుకా అటువంటి ఒక చెయ్యి ఉండేది. అయితే దాన్ని స్వయంగా చేసిన సంతకంగా అమ్మడం మాత్రం తప్పు.

పరీక్షకు పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఒకటి, అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి ఒకటి చాలు. మనిషి వేగంగా చేసిన సంతకంలో గీత ఒకచోట లావెక్కి, ఒకచోట సన్నబడి, చివరలో కాగితాన్ని వదిలి లేచిపోతుంది. నిదానంగా చూసి గీసిన నకలులో గీత వణుకుతుంది, మధ్యలో అనవసరంగా ఆగుతుంది. యంత్రం గీసిన దానిలో ఒత్తిడి మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉంటుంది. అటువంటివి రెండు ఒకదానిపై ఒకటి పెడితే సరిగ్గా సరిపోతాయి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చంగా ఒకేలా సంతకం చేయలేడు. ఇక టార్చి సంగతి: 1950 ప్రాంతం నుంచి కాగితంలో తెల్లదనం కోసం కలుపుతున్న రసాయనాలు ఆ కాంతిలో నీలంగా మెరుస్తాయి. 1920 నాటిదని చెప్పే ఉత్తరం అలా మెరిస్తే ఇంకేమీ చూడనక్కర లేదు. మెరవకపోయినంత మాత్రాన అసలుదని చెప్పలేం. పాత పుస్తకాల ఖాళీ పుటలను చించి వాడేవారు ఉన్నారు. బాల్‌పాయింట్ పెన్నులు విస్తృతంగా మార్కెట్లోకి వచ్చింది 1945 తర్వాతనే అన్నదీ గుర్తుంచుకోండి.

కాగితం, సిరా రెండూ సరిపోయినా విషయం మోసాన్ని పట్టిస్తుంది. 1990ల ఆరంభంలో లీ ఇజ్రాయెల్ అనే అమెరికన్ జీవితచరిత్రకారిణి పాత టైపుమిషన్లు కొని, నోయెల్ కవర్డ్, డొరొతీ పార్కర్, లిలియన్ హెల్‌మన్ వంటి రచయితల పేర్లతో దాదాపు నాలుగు వందల ఉత్తరాలు సృష్టించి అమ్మింది. ఆమె చమత్కార శైలి ఎంత నమ్మించిందంటే, 2007లో వెలువడిన కవర్డ్ లేఖల సంపుటిలో సైతం ఆమె రాసినవి రెండు చేరిపోయాయి. కానీ కవర్డ్ తన ఆంతరంగిక జీవితాన్ని గురించి ఉత్తరాల్లో ఎంత జాగ్రత్తగా ఉండేవాడో తెలిసినవారికి, ఆ నకిలీల్లోని బాహాటమైన ప్రస్తావనలు అనుమానం కలిగించాయి. 1993లో ఆమె నేరం ఒప్పుకుంది. ఆమె చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా బాధించేది నకిలీలు రాయడం కాదు. గ్రంథాలయాల్లోని అసలు ఉత్తరాలను దొంగిలించి, వాటి స్థానంలో నకిలీలు ఉంచి, అసలువి అమ్ముకోవడం. కనుక మీరు కొన్న ఉత్తరం ఏదైనా గ్రంథాలయం నుంచి మాయమైనది కాదని కూడా నిర్ధారించుకోవాలి. చెరిపేసిన ముద్ర, మూలలో కత్తిరించిన జాగా, పెన్సిల్‌తో వేసిన సంఖ్య గీకేసిన గుర్తు కనిపిస్తే ఆగండి.

ఇంకా వెనక్కి వెళితే, 1790లలో విలియం హెన్రీ ఐర్లండ్ అనే కుర్రవాడు షేక్‌స్పియర్ ఉత్తరాలను, దస్తావేజులను తయారుచేసి తన తండ్రినే నమ్మించాడు. ఆ ఉత్సాహంలో ఒక నాటకం మొత్తాన్ని షేక్‌స్పియర్‌దిగా రాసి పారేస్తే, 1796 ఏప్రిల్ 2న లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో ప్రదర్శించారు. ప్రేక్షకుల నవ్వుల మధ్య అది ఒక్క రాత్రితో ముగిసింది. అంతకు రెండు రోజుల ముందే ఎడ్మండ్ మలోన్ అనే పండితుడు ఆ కాగితాల్లోని అక్షరక్రమం, భాష, తేదీలు ఆ కాలానికి చెందవని ఒక పుస్తకమే ప్రచురించాడు. వాస్తవానికి షేక్‌స్పియర్ రాసిన ఉత్తరం ఒక్కటి కూడా దొరకలేదు. ఆయనకు రాసినది ఒక్కటే నిలిచింది: 1598 అక్టోబరు 25న రిచర్డ్ క్వైనీ అప్పు అడుగుతూ రాసినది. అదీ రాసినవాడి కాగితాల్లోనే దొరికింది కనుక, బహుశా పంపనే లేదు. లేనిచోట ఉండాలని బలంగా కోరుకునేవారినే నకిలీ రచయితలు వెతుక్కుంటారు.

మలోన్ పద్ధతి మీకు కూడా పనికివస్తుంది. మీ ఉత్తరం మీది తేదీన ఆ రచయిత ఏ ఊళ్లో ఉన్నాడు? ఆయన చెప్పిన నాటకం అప్పటికి తెర లేచిందా? ఆ నటి ఆ పాత్రలో అప్పటికి ఉందా, లేక తర్వాత వచ్చిందా? రంగస్థలానికి ఒక గొప్ప సౌకర్యం ఏమిటంటే, ప్రతి ప్రదర్శనకూ తేదీ, తారాగణం రాసి ఉన్న కరపత్రాలు, పత్రికా ప్రకటనలు మిగులుతాయి. వాటితో పోల్చి చూస్తే చాలా నకిలీలు నిలవవు.

ప్రశ్న: పాత ఉత్తరాలు చిరగకుండా లామినేషన్ చేయించమని మిత్రులు అంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: వద్దు. లామినేషన్‌ను వెనక్కి తీయలేం. వేడి, జిగురు కలిసి కాగితాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయి. నా తొలినాళ్లలో ఒక దర్శకుని ఉత్తరం మడత దగ్గర చిరుగుతుంటే నేనే పారదర్శక టేపు అంటించాను. ఇప్పుడు ఆ టేపు ఊడిపోయింది, దాని జిగురు మాత్రం గోధుమరంగు పట్టీగా ఆయన సంతకం మీద మిగిలింది. ఆ మరకను నేటికీ తీయించలేకపోయాను.

మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో గానీ, పాలియెస్టర్ తొడుగుల్లో గానీ ఉంచండి. పి.వి.సి. తొడుగులు, రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, ఇనుప క్లిప్పులు పనికిరావు. పెట్టె చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే గదిలో ఉండాలి. గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఎక్కువ హెచ్చుతగ్గులు లేకుండా ఉంటే మంచిది. గోడకు తగిలించాలనుకుంటే నకలు తగిలించండి. గుర్తు రాయాలంటే మెత్తని పెన్సిల్‌తో వెనుక కింది మూలలో రాయండి. ఫ్యాక్స్‌లో వచ్చిన ఉత్తరాలు ఉంటే వెంటనే స్కాన్ చేయండి. వేడితో అచ్చయ్యే ఆ ఉష్ణపత్రం మీది అక్షరాలు కొన్నేళ్లకే వెలిసిపోతాయి.

ప్రశ్న: ఇప్పుడు విమర్శకులందరూ ఈమెయిల్‌లోనే జవాబిస్తున్నారు. దాన్ని ముద్రించి సంతకం చేయించుకుంటే అది ఉత్తరం అవుతుందా?

జవాబు: సంతకం ఉన్న ముద్రిత ప్రతి అవుతుంది, కేటలాగులో ఆ మాటే రాయాలి. కానీ అందులోని మాటలు మీకు రాసినవే కనుక విలువ పోదు. ముద్రణతో సరిపెట్టక, తేదీ, సమయం, పంపినవారి వివరాలు చెరిగిపోకుండా అసలు ఫైలును కూడా రెండు చోట్ల భద్రపరచండి. వీలైతే ఆ సంభాషణ చివరలో, ఒక్క పేజీ చేత్తో రాసి పంపమని అడగండి. అడిగితే కాదనేవారు తక్కువ.

ప్రశ్న: రంగస్థలం నుంచి విరమించుకున్న ఒక నటీమణి నాకు పదిహేనేళ్లపాటు ఉత్తరాలు రాశారు. నటన గురించి వాటిలో ఎంతో ఉంది. ఆమె ఇటీవల మరణించారు. వాటిని పుస్తకంగా తేవాలనుకుంటుండగా, ఆమె కుమార్తె నుంచి ఫోను వచ్చింది. ప్రచురించవద్దని, వీలైతే ఉత్తరాలు తిరిగి ఇవ్వమని అడిగారు. అవి నాకు రాసినవి కనుక నావే కదా?

జవాబు: కాగితం మీ సొంతం. మాటలు ఆ నటీమణివి. ఈ భేదం చాలా పాతది. 1741లో కవి అలెగ్జాండర్ పోప్ తన ఉత్తరాలను అనుమతి లేకుండా అచ్చు వేసిన ఎడ్మండ్ కర్ల్ అనే ప్రచురణకర్తపై ఇంగ్లండ్‌లో దావా వేసినప్పుడు, ఉత్తరం అందుకున్నవారికి ఆ కాగితంపై హక్కు ఉంటుందే తప్ప, దాన్ని లోకానికి ప్రచురించే హక్కు ఉండదని న్యాయస్థానం తేల్చింది. నేటి కాపీరైటు చట్టాలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. రచయిత మరణించాక ఆ హక్కు వారసులకు చేరి, దేశాన్ని బట్టి యాభై, అరవై, డెబ్భై ఏళ్లు ఉంటుంది. అచ్చు కాని రచనల విషయంలో కొన్నిచోట్ల గడువు ఇంకా ఎక్కువ. బ్రిటన్‌లో ఎప్పుడో మరణించిన రచయితల అముద్రిత ఉత్తరాలు అనేకం 2039 చివరి వరకు రక్షణలోనే ఉంటాయి. కనుక ఉత్తరాలను ఉంచుకోవచ్చు, ఇంటికి వచ్చినవారికి చూపవచ్చు, గ్రంథాలయానికి ఇవ్వవచ్చు; హక్కు ఆ కుమార్తెగారికి సంక్రమించి ఉంటే ఆమె అనుమతి లేకుండా ప్రచురించలేరు.

చట్టం ఇంతవరకే చెబుతుంది. ఇక నా అభిప్రాయం. షా రచించిన 'పిగ్మాలియన్' 1914లో లండన్‌లో తెరలేచినప్పుడు ఎలైజా పాత్ర ధరించిన శ్రీమతి ప్యాట్రిక్ క్యాంప్‌బెల్, ఆయన తనకు రాసిన ప్రేమలేఖలను తన ఆత్మకథలో అచ్చు వేయదలచింది. ఆమెకు డబ్బు అవసరం నిజంగానే ఉంది. షా కొన్నిటికి కోతలు పెట్టి ఒప్పుకున్నాడు. అవి 1922లో వచ్చాయి. మొత్తం ఉత్తరాలకు మాత్రం తన భార్య బతికి ఉండగా ఒప్పుకోలేదు. శ్రీమతి క్యాంప్‌బెల్ 1940లో, షా 1950లో మరణించాక, 1952లో ఆ ఉత్తరాలు పూర్తిగా వెలువడ్డాయి. అలా ఆగినందువల్ల వాటిలో ఒక్క అక్షరం తగ్గలేదు. వాటివల్ల గాయపడగలిగిన మనిషి మాత్రం గాయపడకుండా వెళ్లిపోయింది.

మీ చేతిలో ఉన్నవి పదిహేనేళ్ల ఉత్తరాలు కనుక, వాటిలో నటన గురించిన మాటలతోపాటు ఆమె అనారోగ్యం, ఇంటి సంగతులు, బహుశా ఆ కుమార్తె గురించిన బాధ కూడా ఉండి ఉండవచ్చు. అచ్చు అవుతుందని తెలిస్తే ఆమె అవి రాసేవారు కాదు. మీరు చదువుతారని నమ్మి రాశారు. కుమార్తెగారికి తెలియనిది ఏదో ఆ కట్టలో ఉందన్న భయం ఆమె చేత ఫోను చేయించి ఉంటుంది. కనుక ముందుగా ఉత్తరాలన్నిటికీ నకళ్లు తీసి, మీరు ఆమె తల్లిగారికి రాసిన వాటి నకళ్లు ఉంటే వాటిని కూడా చేర్చి, ఆమెకు పంపండి. తల్లి పాత్రల గురించి ఎలా ఆలోచించేదో ఆ అమ్మాయి ఎన్నడూ విని ఉండకపోవచ్చు. ఆమె చదివాక, కేవలం రంగస్థలానికి సంబంధించిన భాగాలను మాత్రమే ప్రచురించడానికి అనుమతి అడగండి. ఏయే పంక్తులు తీసేయాలో ఆమెనే గుర్తుపెట్టమనండి. ఇంటి సంగతులు మాత్రమే ఉన్న ఉత్తరాలు ఏవైనా ఉంటే, వాటి అసళ్లను ఆమెకు తిరిగి ఇచ్చివేయడం గురించి ఆలోచించండి. చట్టం మిమ్మల్ని అలా చేయమనదు. మీ స్థానంలో ఉంటే నేను ఇచ్చేస్తాను. అప్పటికీ ఆమె వద్దంటే, మిగిలిన వాటిని ఫలానా సంవత్సరం వరకు తెరవకూడదన్న షరతుతో ఒక గ్రంథాలయంలో ఉంచండి. గ్రంథాలయాలు అటువంటి షరతులను అంగీకరిస్తాయి, పాటిస్తాయి కూడా. ఆ సంవత్సరం ఏదై ఉండాలో కుమార్తెగారినే నిర్ణయించమనండి.